సెప్టెంబరు పోరులో ఎం.ఎల్.బి. టీవీ: సియాటిల్ నుంచి ఒక సమీక్ష

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆటలను ఇంటర్నెట్‌లో చూపే ఎం.ఎల్.బి. టీవీకి చందా కట్టాలా వద్దా అని అభిమానులు ఆలోచించేది ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో, కొత్త సీజన్ మొదలవుతున్న ఉత్సాహంలో. ఆ సేవ నిజంగా ఎంతవరకు పనికొస్తుందో తేలేది మాత్రం సెప్టెంబరులో, మన జట్టు సీజన్ చివరి నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌కు వెళ్తుందా లేదా అన్నది ఒక్కో ఆట మీద, కొన్నిసార్లు మనం ఏడాదంతా పట్టించుకోని మరో రెండు జట్ల ఆట మీద ఆధారపడినప్పుడు. 2023 సీజన్‌లో సియాటిల్ మారినర్స్ సాగించిన పోరును నేను ఈ చందాతోనూ, దానితో కలిసి పనిచేసే ఎం.ఎల్.బి. యాప్‌తోనూ చివరిదాకా అనుసరించాను. ఆ ఏడాది సియాటిల్ పరిసరాల్లో ఉండేవారికి ఈ సేవ సొంత జట్టు ఆటను ప్రత్యక్షంగా చూపించలేదు. అయినప్పటికీ పోటీ బిగుసుకున్న సీజన్‌లో దీన్ని మించిన సాధనం మరొకటి లేదని నా అభిప్రాయం. ఈ రెండు మాటలూ ఏకకాలంలో ఎలా నిజమవుతాయో వివరంగా చెప్పాలి.

ముందుగా పోటీ తీరు. మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. 2022 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం అమెరికన్ లీగ్ నుంచి ఆరు, నేషనల్ లీగ్ నుంచి ఆరు జట్లు ప్లేఆఫ్స్‌కు చేరతాయి. ఒక్కో లీగులో మూడు స్థానాలు డివిజన్ విజేతలకు, మూడు వైల్డ్ కార్డులకు, అంటే డివిజన్ గెలవకపోయినా మిగిలినవాటిలో మెరుగ్గా నిలిచిన జట్లకు కేటాయించారు. 2023లో అమెరికన్ లీగ్ పశ్చిమ డివిజన్‌లోని హ్యూస్టన్ ఆస్ట్రోస్, టెక్సస్ రేంజర్స్, సియాటిల్ మారినర్స్, వీటికి తోడు తూర్పు డివిజన్‌లోని టొరంటో బ్లూ జేస్, ఈ నాలుగు జట్లూ చివరికి మిగిలిన మూడు స్థానాల కోసం తలపడ్డాయి. జులైలో మారినర్స్ మీద పెద్దగా ఆశలు లేవు. నెలాఖరున తమ ముఖ్యమైన రిలీఫ్ పిచ్చర్ (ఆట మధ్యలో వచ్చి బంతులు విసిరే ఆటగాడు) పాల్ సీవాల్డ్‌ను అరిజోనా జట్టుకు ఇచ్చేసినప్పుడు చాలామంది అభిమానులు ఈ సీజన్‌ను వదిలేసుకున్నారు. ఆగస్టు వచ్చేసరికి అదే జట్టు 21 ఆటలు గెలిచి ఆరింటిలో మాత్రమే ఓడింది. ఆ నెలలోనే మారినర్స్ ఆటగాడు హులియో రోడ్రిగెజ్ వరుసగా నాలుగు ఆటల్లో 17 హిట్లు కొట్టి 1925 నుంచి నిలిచి ఉన్న రికార్డును దాటేశాడు. సెప్టెంబరు 21 రాత్రికి పట్టికలో ఆస్ట్రోస్‌కు 85 గెలుపులు, 68 ఓటములు ఉండగా, రేంజర్స్‌కూ మారినర్స్‌కూ చెరో 84 గెలుపులు, 68 ఓటములు ఉన్నాయి. అంటే గెలుపుల తేడాను, ఓటముల తేడాను కలిపి సగం చేసే ఇక్కడి లెక్కలో మూడు జట్ల మధ్య దూరం అర ఆట.

ఇక సేవ సంగతి. ఎం.ఎల్.బి. టీవీ మొత్తం 30 జట్ల ఆటలనూ ఇంటర్నెట్ ద్వారా ప్రసారం చేస్తుంది. ప్రతి ఆటకూ ఆతిథ్య జట్టు వ్యాఖ్యాతలు కావాలో, అతిథి జట్టు వ్యాఖ్యాతలు కావాలో మనమే ఎంచుకోవచ్చు. అయితే ప్రతి జట్టుకూ ఒక ప్రసార ప్రాంతం ఉంటుంది. ఆ ప్రాంతంలో ప్రత్యక్ష ప్రసార హక్కులు స్థానిక క్రీడా ఛానెల్‌వి కాబట్టి 2023లో అక్కడి చందాదారులకు ఆ జట్టు ఆట తెరమీద వచ్చేది కాదు. దీన్నే బ్లాక్‌ఔట్ అంటారు. మారినర్స్ విషయంలో ఈ ప్రాంతం సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంతో ఆగేది కాదు, పొరుగు రాష్ట్రాలతో పాటు ఎక్కడో ఉన్న అలాస్కా కూడా ఇందులోకే వచ్చేది. ఆట సియాటిల్‌లో జరిగినా టెక్సస్‌లో జరిగినా నియమం ఒకటే. ప్రత్యక్షంగా చూడాలంటే రూట్ స్పోర్ట్స్ నార్త్‌వెస్ట్ ఛానెల్ ఉన్న కేబుల్ కనెక్షనో, దాన్ని చేర్చిన మరేదైనా ఖరీదైన ప్యాకేజీయో తీసుకోవలసి వచ్చేది. లేకపోతే ఆట ముగిసిన సుమారు 90 నిమిషాల తరువాత రికార్డింగు అందుబాటులోకి వచ్చేదాకా ఆగవలసి వచ్చేది. అయోవా రాష్ట్రంలో సొంతంగా ఒక్క మేజర్ లీగ్ జట్టు కూడా లేకపోయినా అక్కడివారికి ఆరు జట్ల ఆటలు నిషిద్ధంగా ఉండేవి. కేబుల్ టీవీయే సర్వస్వమైన కాలంలో గీసిన సరిహద్దులను ఇంటర్నెట్ కాలంలోనూ పట్టుకు వేలాడటం అభిమానులకు జరుగుతున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. జట్టును ఎక్కువగా ప్రేమించేది చుట్టుపక్కలవాళ్లే, తలుపు మూసేదీ వాళ్లకే. స్థానిక ఛానెళ్లను నడిపే సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లిన కారణంగా 2023లోనే శాన్ డియాగో పాడ్రెస్, అరిజోనా డైమండ్‌బ్యాక్స్ ఆటల ప్రసారాన్ని లీగు స్వయంగా చేపట్టి, ఆ నగరాలవారికి బ్లాక్‌ఔట్ లేకుండా నేరుగా అమ్మడం ప్రారంభించింది. ఆ వెసులుబాటు అన్ని నగరాలకూ రావాలి.

జాతీయ ఛానెళ్లతో ఇంకో చిక్కు ఉండేది. 2023లో శుక్రవారాల్లో ఆపిల్ టీవీ ప్లస్, శనివారాల్లో ఫాక్స్, ఆదివారం రాత్రి ఈఎస్‌పీఎన్ తమకోసం ప్రత్యేకంగా తీసుకున్న ఆటలు అమెరికాలోని చందాదారులకు ప్రత్యక్షంగా వచ్చేవి కావు. పోటీ ముదిరినకొద్దీ జాతీయ ఛానెళ్ల కళ్లు మనకు కావలసిన ఆటల మీదే పడతాయి కనుక ఈ లోటు సెప్టెంబరులో మరింతగా తెలుస్తుంది.

ఇన్ని చెప్పాక కూడా ఈ చందాను మెచ్చుకోవడానికి బలమైన కారణం ఉంది. మన జట్టు పోటీలో ఉన్నప్పుడు దాని ఆట కథలో సగం మాత్రమే. మిగతా సగం ప్రత్యర్థుల మైదానాల్లో జరుగుతుంది, ఆ సగం మీద బ్లాక్‌ఔట్ లేదు. సెప్టెంబరు 22 నుంచి 24 వరకు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, రేంజర్స్ సొంత మైదానంలో, వారి చేతిలో మారినర్స్ మూడు ఆటలూ ఓడిపోయింది. మామూలుగా అయితే ఆ వారాంతంతోనే సీజన్ ముగిసిపోవాలి. సరిగ్గా అదే మూడు రోజుల్లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోస్ కూడా మూడు ఆటలూ ఓడింది, అదీ ఆ ఏడాది 106 ఓటములతో తన డివిజన్‌లో అట్టడుగున నిలిచిన కాన్సస్ సిటీ రాయల్స్ చేతిలో. నేను ఆ ఆటలను రాయల్స్ వ్యాఖ్యాతల ప్రసారంలోనే చూశాను. ప్లేఆఫ్స్ ఆశ ఏనాడో వదులుకున్న జట్టును ఏడాది పొడవునా వెన్నంటి ఉన్న ఆ వ్యాఖ్యాతలు ఒక కుర్ర ఆటగాడి హిట్టునూ, ఒక రిలీఫ్ పిచ్చర్ చక్కటి ఇన్నింగ్సునూ ఎంత శ్రద్ధగా వివరిస్తారో వినడం ఈ సేవ ఇచ్చే గొప్ప ఆనందాల్లో ఒకటి. వారికి పట్టికతో పని లేదు, వింటున్న నాకు పట్టికే ప్రాణం. సోమవారం తెల్లవారేసరికి గెలుపులు, ఓటముల లెక్క ఇది: రేంజర్స్ 87-68, ఆస్ట్రోస్ 85-71, మారినర్స్ 84-71. మూడు ఓటముల తరువాత కూడా మారినర్స్ హ్యూస్టన్‌కు మళ్లీ అర ఆట దూరంలోనే ఉంది. ఆ మూడు రోజులూ మారినర్స్ ఆటలు మాత్రమే చూసినవారికి ఇది పీడకల. రెండు నగరాలనూ చూసినవారికి అది ఇంకా ఊపిరి ఉన్న పోరు.

ఒకేసారి రెండు మూడు ఆటలు చూసే వీలు కొన్ని పరికరాల్లో ఉంది. ఆటల మధ్య తిరుగుతూ, ఎక్కడ కీలక ఘట్టం వస్తే అక్కడికి తీసుకువెళ్లే ‘బిగ్ ఇన్నింగ్’ అనే కార్యక్రమమూ ఉంది. ఏప్రిల్‌లో అది కాలక్షేపం, సెప్టెంబరులో అవసరం. అయినా అందులో ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది నిర్మాత. మన లెక్కలు మనకు తెలిసినప్పుడు సొంతంగా ఆటలు ఎంచుకోవడమే మేలు.

సొంత జట్టు ఆట తెరమీద లేని లోటును తీర్చేది రేడియో. ఈ సేవలో అన్నిటికన్నా విలువైనదీ, అన్నిటికన్నా తక్కువ గుర్తింపు పొందినదీ ఇదేనని నా నమ్మకం. యాప్‌లోని ఆడియో విభాగంలో ప్రతి ఆటకూ రెండు జట్ల రేడియో వ్యాఖ్యానాలూ వస్తాయి. వాటికి స్థానిక బ్లాక్‌ఔట్ లేదు. ఎం.ఎల్.బి. టీవీ చందాలో ఇది కలిసే ఉంటుంది. వీడియో వద్దనుకునేవారు ఆడియో ఒక్కదానికే చాలా తక్కువ ధరతో చందా కట్టుకోవచ్చు. సియాటిల్‌కు రేడియో విషయంలో పెద్ద సంప్రదాయమే ఉంది. 1977లో జట్టు పుట్టిన నాటి నుంచి 2010లో కన్నుమూసేదాకా డేవ్ నీహాస్ గొంతే మారినర్స్ గొంతు. ఆయన పక్కన 1983లో చేరిన రిక్ రిజ్, మధ్యలో కొన్నేళ్లు డెట్రాయిట్ వెళ్లి వచ్చినప్పటికీ, 2023లోనూ అదే ఉత్సాహంతో మాట్లాడాడు. టెక్సస్ వైపు తిప్పితే 1979 నుంచి రేంజర్స్ ఆటలు చెబుతూ వచ్చిన ఎరిక్ నాడెల్ వినిపించేవాడు. క్రికెట్ వ్యాఖ్యానాన్ని ట్రాన్సిస్టరులో విని పెరిగిన మా తరం తెలుగువాళ్లకు ఈ రకమైన వినికిడి కొత్తేమీ కాదు. మైదానం కనిపించకపోయినా ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడో, బంతి ఎటు లేచిందో గొంతును బట్టి గ్రహించడం మనకు అలవాటైన విద్యే.

సెప్టెంబరు 28 రాత్రి ఆ విద్య పూర్తిగా ఉపయోగపడింది. రేంజర్స్‌తో నాలుగు ఆటల చివరి సిరీస్‌లో అది మొదటిది. తొమ్మిదో ఇన్నింగ్సు రెండో భాగం వచ్చేసరికి సియాటిల్ 2-1తో వెనుకబడి ఉంది. వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని, కడగవలసిన గిన్నెలు సింకులో అలాగే వదిలేసి విన్నాను. రెండు ఔట్లయ్యాయి (మూడోది పడితే ఆట అయిపోయినట్టే), బేసుల మీద రన్నర్లున్నారు, జె.పి. క్రాఫర్డ్ బ్యాటింగ్‌కు వచ్చాడు. బంతి బ్యాటుకు తగిలిన శబ్దం, దాని వెంటే వ్యాఖ్యాత గొంతు ఒక్క మెట్టు పైకి వెళ్లడం, ఆ గొంతు మాటగా మారేలోపే స్టేడియం మొత్తం లేచిన హోరు, ఇవన్నీ వరుసగా చెవిన పడ్డాయి. క్రాఫర్డ్ డబుల్‌తో (రెండో బేసుదాకా చేర్చే హిట్టు) ఇద్దరు పరుగు తీశారు, మారినర్స్ 3-2తో గెలిచింది. మరునాడు అదే క్రాఫర్డ్ గ్రాండ్ స్లామ్ (బేసులన్నీ నిండి ఉండగా హోమ్‌రన్) కొట్టగా జట్టు 8-0తో నెగ్గింది. ఆ డబుల్‌ను తరువాత వీడియోలో చూశాను. రేడియోలో విన్నప్పుడు కలిగిన అనుభూతి దానిలో ఏమాత్రం తగ్గలేదు, పెరగనూ లేదు.

తెలుగులో వ్యాఖ్యానం లేదన్నది సహజంగానే ఉన్న లోటు. ఇంగ్లీషుతో పాటు స్పానిష్ వ్యాఖ్యానాలు చాలా జట్లకు ఉన్నాయి. ఐపీఎల్‌కు తెలుగు వ్యాఖ్యానం ఇంత చక్కగా స్థిరపడిన తరువాత, అమెరికాలో ఇంతమంది తెలుగువాళ్లు ఉన్న నగరాల్లో ఏదో ఒక రోజు బేస్‌బాల్‌కూ ఆ ప్రయత్నం జరిగితే బాగుంటుందని మనసారా కోరుకుంటున్నాను.

వినడమూ చూడడమూ కుదరనప్పుడు ఆధారం యాప్‌లోని గేమ్‌డే విభాగం. ఇది ఉచితం. ఆఫీసు మీటింగులో ఉన్నా, బస్సులో ఉన్నా ఆటను బంతి బంతిగా చూపుతుంది. తెరమీద స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ఆడదగిన బంతి వచ్చే చట్రం) గీసి, వచ్చిన ప్రతి బంతినీ చుక్కగా పెడుతుంది. ఆకుపచ్చ అయితే బాల్ (చట్రం బయట పడగా బ్యాటర్ వదిలేసింది), ఎరుపు అయితే స్ట్రైక్ (బ్యాటర్‌కు వ్యతిరేకంగా లెక్కకు వచ్చేది), నీలం అయితే బ్యాటర్ ఆడిన బంతి. పక్కన బంతి రకం, వేగం, బేసుల మీద ఎవరున్నారన్న గుర్తులు ఉంటాయి. నీలం చుక్క పడిన తరువాత ఫలితం అక్షరాల్లో రావడానికి పట్టే ఆ రెండు మూడు క్షణాలు సెప్టెంబరులో ఎంత పొడవుగా ఉంటాయో అనుభవించినవారికే తెలుస్తుంది. 2023లో కొత్తగా వచ్చిన పిచ్ క్లాక్ వల్ల బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, రన్నర్లుంటే 20 సెకన్లలో పిచ్చర్ బంతి వేయడం ఆ ఏడాది మొదలుపెట్టవలసి వచ్చింది. తొమ్మిది ఇన్నింగ్సుల ఆట సగటు సమయం అంతకు ముందు ఏడాది మూడు గంటలు దాటి ఉండగా, 2023లో రెండు గంటల నలభై నిమిషాలకు వచ్చింది. గేమ్‌డేలో ఈ మార్పు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. చుక్కలు ఇప్పుడు ఆగకుండా పడుతున్నాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇంటర్నెట్ వీడియో ఏదైనా అసలు ఆటకన్నా కొంత వెనుక నడుస్తుంది కనుక, వీడియో చూస్తున్నప్పుడు అదే ఆటకు సంబంధించిన నోటిఫికేషన్లు ఆపేసుకోవాలి. లేకపోతే హోమ్‌రన్ సంగతి తెరకన్నా ముందు జేబు చెబుతుంది.

యాప్‌లోని స్థానాల పట్టిక దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పోరు రోజుల్లో అభిమాని అన్నిటికన్నా ఎక్కువ సార్లు తెరిచే పేజీ అదే. డివిజన్ పట్టిక, వైల్డ్ కార్డు పట్టిక వేరువేరుగా ఉంటాయి. రెండింటిలోనూ ముందున్న జట్టుకు ఎన్ని ఆటల దూరంలో ఉన్నామో చూపే గడి ఉంటుంది. గెలుపుల తేడాను, ఓటముల తేడాను కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకె అది. ఐపీఎల్ నెట్ రన్‌రేట్ లెక్కలతో తలపడినవారికి ఇది చాలా తేలిక. అయితే ఆ అంకె ఒక ముఖ్యమైన విషయాన్ని దాచిపెడుతుంది. 2022 నుంచి సమాన స్థితిలో ఉన్న జట్ల మధ్య అదనపు ఆట ఆడించడం మానేశారు. ఇద్దరూ సమంగా ముగిస్తే ఆ సీజన్‌లో ముఖాముఖి ఆటల్లో ఎవరిది పైచేయో వారికే స్థానం దక్కుతుంది. అంటే ఆస్ట్రోస్‌తో సమంగా ఉన్నట్టు కనిపించిన రోజుల్లోనూ రేంజర్స్ నిజానికి వెనుకబడే ఉంది. సెప్టెంబరు 4 నుంచి 6 వరకు ఆర్లింగ్టన్‌లో ఆస్ట్రోస్ వరుసగా 13-6, 14-1, 12-3 తేడాలతో గెలిచినప్పుడు అందరూ పరుగుల వర్షం గురించి మాట్లాడుకున్నారు. అసలు దెబ్బ ముఖాముఖి లెక్కలో పడింది, చివరికి ఆ లెక్క హ్యూస్టన్ వైపు 9-4గా తేలింది. పట్టికలో దూరం చూపే అంకె పక్కనే ఈ ముఖాముఖి లెక్క కూడా ఉంటే ప్రతి అభిమానీ కాగితం, కలం పట్టుకోవలసిన పని తప్పుతుంది. యాప్ తయారుచేసేవారు తప్పక చేర్చవలసిన అంశం ఇది.

సెప్టెంబరు 30న రేంజర్స్ చేతిలో 6-1తో ఓడటంతో మారినర్స్ సీజన్ ముగిసింది. మరునాడు, అక్టోబరు 1న, చందా తన పూర్తి విలువను చూపించింది. చివరి ఆదివారం ఆటలన్నీ దాదాపు ఒకే సమయానికి మొదలయ్యేలా లీగు ఏర్పాటు చేస్తుంది, ఎవరూ మరొకరి ఫలితం తెలుసుకుని ఆడకూడదని. రేంజర్స్ గెలిస్తే డివిజన్ వారిదే. ఓడిపోయి, ఫీనిక్స్‌లో అరిజోనా మీద ఆస్ట్రోస్ గెలిస్తే డివిజన్ హ్యూస్టన్‌ది. తెరమీద ఫీనిక్స్, చెవిలో సియాటిల్ రేడియో. పోటీలో లేని మారినర్స్ 1-0తో గెలిచింది, ఆస్ట్రోస్ 8-1తో గెలిచింది. టెక్సస్‌లోని రెండు జట్లూ, రేంజర్స్, ఆస్ట్రోస్, 90-72 దగ్గర ముగిశాయి, ముఖాముఖి లెక్కతో డివిజన్ ఆస్ట్రోస్‌కు దక్కింది. అంటే సియాటిల్ తన చివరి గెలుపుతో తనకు గిట్టని హ్యూస్టన్‌కే కిరీటం పెట్టింది. మారినర్స్ 88 గెలుపుల దగ్గర, టొరంటో 89 దగ్గర నిలిచాయి. అంతటి సుదీర్ఘ సీజన్ ఒక్క ఆట తేడాతో తెగిపోయింది. డివిజన్ చేజార్చుకుని వైల్డ్ కార్డుగా వెళ్లిన రేంజర్స్, నవంబరు 1న సీవాల్డ్ ఉన్న అరిజోనానే ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ ఫలితాన్ని చూసినప్పుడు ఆర్లింగ్టన్‌లో పోయిన ఆ మూడు ఆటలు మరింత బాధించాయి.

ధర విషయానికి వస్తే, 2023లో ఏడాది చందా 149.99 డాలర్లు, నెలవారీ చందా 24.99 డాలర్లు. టీ-మొబైల్ ఫోను వాడేవారు సీజన్ ఆరంభంలో కొన్ని రోజుల గడువులోపు అడిగితే ఈ చందా ఉచితంగా లభిస్తుంది. మారినర్స్ స్టేడియానికి ఉన్నది కూడా ఆ సంస్థ పేరే. ఫోను కంపెనీ అదే అయితే ఆ గడువు దాటనివ్వకండి. సొంత జట్టు ప్రసార ప్రాంతానికి దూరంగా ఉండే అభిమానికి, ఉదాహరణకు డాలస్‌లో ఉంటూ మారినర్స్‌ను అభిమానించే తెలుగు కుటుంబానికి, ఏడాది చందా నిస్సంకోచంగా కొనదగినది. ఆ ఇంట్లో మూతబడేది ఆ ప్రాంతపు జట్లతో ఆడే ఆటలు, జాతీయ ఛానెళ్లు తీసుకున్న ఆటలే. భారతదేశంలో ఉండేవారికి ఈ స్థానిక నిషేధం వర్తించదు. పైగా సియాటిల్‌లో సాయంత్రం 6:40కి మొదలయ్యే ఆట అక్కడ మరునాటి ఉదయం 7:10కి వస్తుంది కాబట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారు ఉదయం టిఫిను వేళకు మొదటి ఇన్నింగ్సులు చూడవచ్చు.

బ్లాక్‌ఔట్ ఉన్న సొంత జట్టు ప్రాంతంలోనే ఉంటూ ఆ ఒక్క జట్టునే చూడాలనుకునేవారు వీడియో చందా కొనవద్దు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు ఆడియో చందా, ఉచిత గేమ్‌డే వారికి సరిపోతాయి. సెప్టెంబరు మొదటి వారంలో పట్టిక చూసుకుని, జట్టు మూడు నాలుగు ఆటల దూరంలోపు ఉంటే అప్పుడు ఒక్క నెలకు వీడియో చందా కట్టండి. అది సొంత జట్టు కోసం కాదు, ప్రత్యర్థుల ఆటల కోసం. చందా దానంతటదే పునరుద్ధరణ అయ్యే సేవ ఇది కాబట్టి, రెగ్యులర్ సీజన్ ముగిసిన రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని రద్దు చేసుకోవాలి. అమెరికాలో ఉండేవారికి ప్లేఆఫ్స్ ఆటలు కేబుల్ లాగిన్ లేకుండా ఇందులో ప్రత్యక్షంగా రావు. అక్టోబరు నెలకూ పనిచేసేది రేడియో ఒక్కటే.